అణు జలాంతర్గామి పైతొడుగు: ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

విశాఖపట్నం ఆర్‌కే బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన ఐఎన్‌ఎస్ కుర్సురాను బయటినుంచి చుట్టి చూస్తే దాని ఆకారం ఓడకు దగ్గరగానే కనిపిస్తుంది. ముందు కొస అలలను చీల్చుకుని పోవడానికి వీలుగా సన్నగా ఉంటుంది. పైన సిబ్బంది నడవగలిగే చదునైన డెక్ ఉంటుంది. పక్కల పొడవునా నీరు వచ్చిపోయే తూములు వరసగా ఉంటాయి, వెనక మూడు ప్రొపెల్లర్లు ఉంటాయి. 1969లో భారత నౌకాదళంలో చేరి 2001లో సేవల నుంచి తప్పుకున్న ఈ సోవియట్ నిర్మిత డీజిల్ జలాంతర్గామి వేగం నీటిపైన సుమారు 16 నాట్లు, నీటిలోపల సుమారు 15 నాట్లు. బ్యాటరీలు చార్జి చేసుకోవడానికి డీజిల్ ఇంజన్లు నడవాలి, వాటికి గాలి కావాలి. అందువల్ల ఆ తరం జలాంతర్గాములు అవసరమైనప్పుడు మునిగే ఓడలే తప్ప, పూర్తిగా నీటి అడుగున బతికే యంత్రాలు కావు.

అణు రియాక్టర్‌కు గాలితో పని లేదు. ఆహారం, సిబ్బంది ఓర్పు అనుమతించినంత కాలం నెలల తరబడి నీటి అడుగునే ఉండగలిగే నౌకకు అలలను చీల్చే ముక్కు అనవసరం, చదునైన డెక్ అనవసరం. అయినా ఈ సంగతి ఆకారంలోకి రావడానికి కొంత కాలం పట్టింది. 1954లో అమెరికా నౌకాదళంలో చేరిన తొలి అణు జలాంతర్గామి నాటిలస్ లోపల రియాక్టర్ ఉన్నా, బయటికి రెండు ప్రొపెల్లర్లతో పాత పద్ధతి పడవలాగే ఉండేది. అసలు మార్పు వచ్చింది రియాక్టర్ లేని ఒక ప్రయోగ నౌక నుంచి. 1953లో జలప్రవేశం చేసిన ఆల్బకోర్‌ను కేవలం ఆకారాన్ని పరీక్షించడానికే కట్టారు. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి పోయేకొద్దీ సన్నబడే నీటిబొట్టు రూపం, చివర ఒకే ప్రొపెల్లర్ దాని ప్రత్యేకతలు. ఆ రూపాన్నీ రియాక్టర్‌నూ కలిపి 1959లో స్కిప్‌జాక్‌ను సేవలోకి తెచ్చారు. నేటి అణు జలాంతర్గాములన్నీ ఏదో ఒక మేరకు ఆ కలయిక సంతతే.

అయితే అచ్చమైన నీటిబొట్టు రూపం ఇప్పుడు దాదాపు ఎక్కడా లేదు. ప్రతి అడుగు దగ్గరా వ్యాసం మారే ఉక్కు కవచాన్ని కట్టడం ఖరీదైన పని, లోపల అంతస్తులు అమర్చుకోవడం అంతకన్నా చిక్కు. అందువల్ల ముందూ వెనకా కొసలను మాత్రమే గుండ్రంగా తీర్చి, మధ్య భాగాన్ని పొడవైన గొట్టంలా ఉంచుతున్నారు. అమెరికా లాస్ ఏంజెలెస్ తరగతి జలాంతర్గామి పొడవు సుమారు 110 మీటర్లు, వ్యాసం సుమారు 10 మీటర్లు. నీటి నిరోధం లెక్కలు అంత పొడవును మెచ్చుకోవు. షిప్‌యార్డ్ లెక్కలు మెచ్చుకుంటాయి, ఈ విషయంలో నెగ్గింది అవే.

ఫొటోల్లో కనిపించేదంతా సముద్రపు ఒత్తిడిని తట్టుకునే గోడ అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. లోతుకు పోయేకొద్దీ ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 300 మీటర్ల లోతున ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 300 టన్నుల బరువు పడుతుంది. దానిని భరించేది మనుషులు, యంత్రాలు ఉండే లోపలి పీడన కవచం. అది మందపాటి ప్రత్యేక ఉక్కుతో, లోపలివైపు దగ్గర దగ్గరగా వేసిన ఉక్కు వలయాలతో కట్టిన గొట్టం. బయటికి కనిపించే ముక్కు, సెయిల్ (వీపు మీద నిలబడే గోడలాంటి కట్టడం), తోక రెక్కలు, డెక్ పైకప్పు చాలావరకు ఆ కవచానికి అవతల తగిలించిన పలచటి తొడుగులే. వాటి లోపలా వెలుపలా సముద్రపు నీరే ఉంటుంది కాబట్టి వాటి మీద లోతు ఒత్తిడి భారం పడదు. వాటి పని వేరు: నీటిని సాఫీగా జారనివ్వడం, పరికరాలకు చోటివ్వడం, అన్నిటికన్నా ముఖ్యంగా చప్పుడు చేయకపోవడం. పైతొడుగు మీద ఒక ఉబ్బు ఎందుకుంది, ఒక తూముకు మూత ఎందుకుంది అని అడుగుతూ పోతే, పది ప్రశ్నల్లో ఏడెనిమిదింటికి జవాబు లోతులో కాక శబ్దంలోనే దొరుకుతుంది.

ఈ తొడుగు ఎంత మేర ఉండాలన్న విషయంలోనే అమెరికా, సోవియట్ రూపకర్తలు చెరో దారి పట్టారు. అమెరికా, బ్రిటన్ జలాంతర్గాముల్లో మధ్య భాగమంతా పీడన కవచమే నేరుగా నీటికి తగులుతుంది; మునగడానికీ తేలడానికీ వాడే బ్యాలస్ట్ ట్యాంకులు ముందూ వెనకా కొసల్లో ఉంటాయి. సోవియట్ రూపకర్తలు పీడన కవచం మొత్తాన్నీ మరో తేలిక కవచంతో చుట్టి, ఆ రెంటి మధ్య ఖాళీలో ట్యాంకులు పెట్టారు. దీనివల్ల నౌక లావవుతుంది, నీటికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, కదిలించడానికి శక్తి ఎక్కువ కావాలి. లాభాలూ చిన్నవి కావు. ఒకటి రెండు గదుల్లోకి నీరు చేరినా తేలగలిగేంత తేలుడు శక్తి మిగులుతుంది. బయట పేలుడు జరిగితే దాని దెబ్బను మధ్య ఖాళీ కొంత పీల్చుకుంటుంది. ఆర్కిటిక్ మంచు కింద తిరగవలసిన నౌకాదళానికి ఈ బేరం నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఆస్కార్ తరగతిలో ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. ఒక్కో పక్క 12 చొప్పున 24 గ్రానిట్ క్షిపణుల గొట్టాలను పీడన కవచానికి బయట, రెండు కవచాల మధ్య, ముందుకు వాలుగా అమర్చారు. పక్కల మీద వరసగా కనిపించే పెద్ద మూతలు వాటివే. నౌక వెడల్పు 18 మీటర్లు దాటడానికి కారణమూ అదే.

2000 ఆగస్టు 12న మునిగిపోయి 118 మంది ప్రాణాలు తీసిన కుర్స్క్ ఈ తరగతిదే. సొంత టార్పెడోలు ముందు గదిలోనే పేలినప్పుడు రెండో కవచం చేయగలిగింది పెద్దగా లేదు. ఆ ఘటన సమయంలో ప్రపంచమంతా చూసిన మరో బాహ్య భాగం వెనక వైపున్న రక్షణ హ్యాచ్. హ్యాచ్ చుట్టూ నున్నగా చెక్కిన ఉక్కు వలయం ఒకటి ఉంటుంది. లోతుకు దిగిన రక్షణ వాహనం దాని మీద కూర్చుని, మధ్యలోని నీటిని తోడేస్తే బయటి ఒత్తిడే రెంటినీ గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ఆ వలయం మీద రబ్బరు పలకలు ఉండకూడదు, గీతలు పడకూడదు. చీకటి నీళ్లలో కెమెరాకు కనిపించేలా చాలా నౌకాదళాలు దాని చుట్టూ తెల్లటి గుర్తులు వేస్తాయి. భారత నౌకాదళం 2018 నుంచి సమకూర్చుకున్న రెండు లోతు రక్షణ వాహనాల్లో ఒకటి పశ్చిమ తీరానికి, మరొకటి విశాఖకు కేటాయించినవి. అవి అతుక్కునేది ఇలాంటి వలయానికే.

ముక్కు భాగం విషయానికి వస్తే, అక్కడ చోటు కోసం జరిగిన పోటీయే నౌక మొత్తం రూపురేఖలను మార్చింది. పాత జలాంతర్గాముల్లో ముక్కు టార్పెడో గొట్టాలది. అణు జలాంతర్గామి తన కళ్లుగా వాడుకునేది శబ్దంతో పరిసరాలను పసిగట్టే సోనార్‌నే, సోనార్‌కు నౌకలో అతి ప్రశాంతమైన చోటు ముక్కే. ప్రొపెల్లర్‌కు, యంత్రాలకు అదే అన్నిటికన్నా దూరం. 1960లో సేవలోకి వచ్చిన చిన్న అమెరికా జలాంతర్గామి టలీబీలో తొలిసారి ముక్కును పూర్తిగా గోళాకారపు సోనార్‌కు ఇచ్చి, టార్పెడో గొట్టాలను నౌక మధ్యకు జరిపి పక్కలకు వాలుగా పెట్టారు. తరవాతి అమెరికా దాడి జలాంతర్గాముల తరగతులు ఈ అమరికనే పాటించాయి. రష్యన్లు చాలాకాలం ముక్కును సోనార్‌కూ టార్పెడోలకూ పంచుతూ వచ్చి, 2014లో నౌకాదళంలో చేరిన సెవెరోద్విన్‌స్క్‌తో తామూ టార్పెడోలను మధ్యకు జరిపారు.

సోనార్ ముందున్న గుమ్మటం లోహం కాదు. లోహం శబ్దాన్ని అడ్డుకుంటుంది కనుక దానిని ఫైబర్‌గ్లాస్ వంటి మిశ్రమ పదార్థంతో చేస్తారు. లోపల నీరు నిండి ఉంటుంది. అంటే నౌకలో అన్నిటికన్నా ముందుండేది, మొదటి దెబ్బ తినేది దాని అతి మెత్తని భాగమే. 2005 జనవరి 8న గ్వామ్ సమీపంలో పూర్తి వేగంతో పోతున్న యూఎస్‌ఎస్ శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రగర్భంలోని కొండను ఢీకొన్నప్పుడు గుమ్మటం నుజ్జయింది, ముందరి బ్యాలస్ట్ ట్యాంకులు చీలిపోయాయి. ఒక నావికుడు చనిపోయాడు, అనేకులు గాయపడ్డారు. పీడన కవచం మాత్రం నిలిచింది, నౌక పైకి తేలగలిగింది. అప్పటికే విరమణకు సిద్ధంగా ఉన్న హోనలూలూ జలాంతర్గామి ముక్కును కోసి తెచ్చి దీనికి అతికించారు. అంత పెద్ద భాగాన్ని మార్చినా నౌక మళ్లీ పనిచేసిందంటే, ముక్కు ఎంత మేరకు తొడుగో, ఎంత మేరకు అసలు దేహమో ఆ మరమ్మతే చెబుతోంది. 2012 నుంచి 2021 వరకు రష్యా నుంచి లీజుపై విశాఖ నుంచి పనిచేసిన ఐఎన్‌ఎస్ చక్రకు కూడా సోనార్ గుమ్మటం దగ్గరే నష్టం జరిగింది. గుమ్మటం పలకలు రెండు ఊడాయని 2017 డిసెంబరులో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా వెల్లడించారు.

గోళాకారపు సోనార్ కూడా శాశ్వతం కాలేదు. వర్జీనియా తరగతిలో 2014లో సేవలోకి వచ్చిన నార్త్ డకోటా నుంచి గోళాన్ని తీసేసి గుర్రపు నాడా ఆకారపు సోనార్ వరసను పెట్టారు. దాని వెనకే, అంతకుముందు 12 విడి గొట్టాల్లో ఉండే టోమహాక్ క్షిపణులను ఆరేసి చొప్పున రెండు పెద్ద గొట్టాల్లోకి మార్చారు. బయటినుంచి చూసేవారికి పన్నెండు చిన్న మూతలకు బదులు రెండు పెద్ద మూతలు కనిపిస్తాయి. మూతలు తగ్గితే కదిలే భాగాలు, సీళ్లు, పరీక్షలు, ఖర్చు అన్నీ తగ్గుతాయి. ఇక్కడ మార్పును నడిపింది యుద్ధ అవసరం కన్నా బడ్జెట్టే అని చెప్పవచ్చు.

ముక్కులోని సోనార్ ప్రశాంతత కోసమే కొన్నాళ్లు అడ్డ రెక్కలను కూడా అక్కణ్నుంచి తరిమేశారు. లోతును సరిచేసుకోవడానికి వాడే ముందరి రెక్కలు ముక్కు దగ్గర ఉంటే వాటి చుట్టూ తిరిగే నీటి సుడులు, వాటిని తిప్పే హైడ్రాలిక్ యంత్రాల చప్పుడు సోనార్ చెవిలోనే పడతాయి. స్కిప్‌జాక్ నుంచి అమెరికన్లు వాటిని సెయిల్ మీదికి ఎక్కించారు. విమానపు రెక్కల్లా కనిపించే ఆ రూపమే అమెరికా జలాంతర్గామికి చాలాకాలం గుర్తుగా మిగిలింది. చిక్కు మంచు దగ్గర వచ్చింది. ఆర్కిటిక్‌లో మంచును పగలగొట్టుకుని పైకి రావాలంటే సెయిల్ ముందు తగులుతుంది, అడ్డంగా చాచిన రెక్కలు విరుగుతాయి. స్టర్జన్ తరగతిలో వాటిని నిలువుగా తిప్పే ఏర్పాటు చేశారు. లాస్ ఏంజెలెస్ తరగతి తొలి నౌకల్లో ఆ వీలు లేదు. చివరికి 1988లో సేవలోకి వచ్చిన శాన్ వాన్ నుంచి రెక్కలను మళ్లీ ముక్కు దగ్గరకే తెచ్చి, అవసరం లేనప్పుడు లోపలికి ముడుచుకునేలా చేశారు. సోవియట్లు చాలా తరగతుల్లో మొదటినుంచీ ముడుచుకునే రెక్కలనే వాడారు. ముప్పై ఏళ్ల తరవాత రెండు పక్షాలూ ఒకే చోటికి చేరాయి.

సెయిల్ అనే నిలువు కట్టడం అసలు ఉండవలసిందేనా అన్న ప్రశ్న రూపకర్తలను ఎప్పుడూ వేధిస్తూనే ఉంది. నీటిలో దూసుకుపోయే గొట్టం మీద అంత ఎత్తున నిలబెట్టిన గోడ నిరోధాన్ని పెంచుతుంది. మలుపులో నౌకను పక్కకు ఒరిగిస్తుంది. దాని మొదట్లో నీరు విడిపోయి గుర్రపు నాడాలాంటి సుడిగా వెనక్కి పోయి ప్రొపెల్లర్‌ను తాకుతుంది. ఆ సుడిని తగ్గించడానికే సీవుల్ఫ్, వర్జీనియా తరగతుల్లో సెయిల్ ముందు అంచు కవచాన్ని కలిసేచోట నున్నటి వంపు పోసి ఉంటుంది. సోవియట్ రూపకర్తలు సెయిల్‌ను పొట్టిగా, పొడవుగా, గుండ్రటి అంచులతో కవచంలో కలిసిపోయేలా మలిచారు. చూపుకు ఈ రెండో పద్ధతే అందంగా ఉంటుంది. ఇంజనీరింగ్‌లో అందానికి మార్కులు లేకపోయినా నీటి ప్రవాహం మాత్రం దానికి మార్కులు వేస్తుంది.

అయినా సెయిల్ తప్పనిసరి. పెరిస్కోప్, రాడార్, రేడియో యాంటెన్నాలు, గాలి పీల్చే గొట్టం అన్నీ అక్కడి నుంచే పైకి లేస్తాయి. రియాక్టర్‌కు గాలి అక్కర్లేకపోయినా అత్యవసరంలో నడిపే డీజిల్ జనరేటర్‌కు కావాలి కాబట్టి ఆ గొట్టం అణు జలాంతర్గామిలోనూ ఉంటుంది. వర్జీనియా తరగతిలోనూ, బ్రిటన్ ఆస్ట్యూట్ తరగతిలోనూ అద్దాల పెరిస్కోప్ స్థానంలో కెమెరాల మాస్టులు వచ్చాయి. పాత పెరిస్కోప్ గొట్టం పీడన కవచాన్ని చీల్చుకుని నేరుగా కింద కమాండర్ కంటి దాకా రావాలి. కెమెరా మాస్టుకు తీగ దిగితే చాలు. దీనివల్ల కవచానికి ఒక పెద్ద కన్నం తగ్గింది, కంట్రోల్ రూమ్ సెయిల్ కిందే ఉండాలన్న నిర్బంధమూ పోయింది. ఒక మాస్టు మారినందుకు లోపలి గదుల పటం మారిందన్నమాట.

రష్యన్ సెయిల్ వెడల్పుకు ఇంకో కారణం ఉంది. అనేక తరగతుల్లో సిబ్బంది మొత్తం ఎక్కి నౌకను వదిలి పైకి తేలగలిగే రక్షణ గది అందులో ఇమిడి ఉంటుంది. 1989 ఏప్రిల్ 7న నార్వే సముద్రంలో అగ్నిప్రమాదంతో మునిగిన కొమ్సొమొలెత్స్‌లో దానిని నిజంగా వాడవలసి వచ్చింది. టైటానియం కవచంతో కట్టిన ఈ నౌక అంతకుముందు 1,020 మీటర్ల లోతుకు దిగి రికార్డు నెలకొల్పింది. మునిగేటప్పుడు లోపల మిగిలిన ఐదుగురు రక్షణ గదిలో పైకి రాగలిగినా, గది మళ్లీ మునిగేలోగా బయటపడి బతికింది ఒక్కరే. అప్పటికే పైకి వచ్చినవారిలో ఎక్కువమంది చల్లటి నీటిలో ప్రాణాలు విడిచారు. మొత్తం 69 మందిలో 42 మంది మరణించారు. అమెరికన్లు ఇలాంటి గదులు పెట్టలేదు. అంత బరువును అంత ఎత్తున మోయడం సరైనదా కాదా అన్న చర్చ ఒక్క ఉదాహరణతో తేలేది కాదు.

అకూలా వంటి రష్యన్ తరగతుల సెయిల్ ముందు అంచున, కొన్నిటికి ముక్కు మీద కూడా, చిన్న చిన్న మేకుల్లాంటి పరికరాలు బయటికి పొడుచుకుని కనిపిస్తాయి. మరో జలాంతర్గామి వెళ్లిన దారిలో నీటి ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత, ప్రవాహ అలజడి వంటివాటిలో మిగిలే మార్పులను పసిగట్టడానికి వీటిని పెట్టారు. అంటే శబ్దంతో పని లేకుండా జాడ పట్టే ప్రయత్నమిది. నున్నటి ఉపరితలం కోసం మిల్లీమీటర్లు లెక్కపెట్టే రూపకర్తలే ఇన్ని ముళ్లను బయట వదిలారంటే, ఆ జాడకు వాళ్లిచ్చిన విలువ తక్కువది కాదు.

ఇక చర్మం సంగతి. ఆధునిక అణు జలాంతర్గామిని దగ్గరగా తీసిన ఫొటోలో కవచం మీద గళ్లు గళ్లుగా గీతలు కనిపిస్తాయి. అవి రబ్బరు వంటి పదార్థంతో చేసిన పలకల అతుకులు. ఈ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లది. ఆల్బెరిష్ అన్న రహస్య పేరుతో యూ-480 వంటి కొన్ని జలాంతర్గాములకు చిన్న రంధ్రాలున్న నాలుగు మిల్లీమీటర్ల కృత్రిమ రబ్బరు పొర అంటించారు. యుద్ధం తరవాత సోవియట్లు దీనిని విస్తృతంగా వాడారు. అమెరికన్లు పెద్ద ఎత్తున మొదలుపెట్టింది 1980లలోనే. పలకల లోపల రకరకాల పరిమాణాల్లో ఖాళీలు ఉంటాయి. శబ్ద తరంగం తగిలినప్పుడు రబ్బరు ఆ ఖాళీల చుట్టూ సాగి, ముడుచుకుని, తరంగపు శక్తిని వేడిగా మార్చేస్తుంది. శత్రువు పంపిన సోనార్ శబ్దానికి తిరుగు ప్రతిధ్వని తగ్గుతుంది, లోపలి యంత్రాల చప్పుడు బయటికి పోవడమూ తగ్గుతుంది.

పలకలకు ఒక హద్దు ఉంది, దానిని చాలా ప్రచార వ్యాసాలు దాటవేస్తాయి. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి వెయ్యి హెర్ట్జ్ శబ్దపు తరంగ పొడవు ఒకటిన్నర మీటర్లు. కొన్ని సెంటీమీటర్ల రబ్బరు అంత పొడవైన తరంగాన్ని పెద్దగా పీల్చుకోలేదు. టార్పెడోల సోనార్ వంటి ఎక్కువ పౌనఃపున్యాల మీద పలకలు బాగా పనిచేస్తాయి. సుదూరం ప్రయాణించే మంద్ర శబ్దాల మీద వాటి ప్రభావం తక్కువ. పైగా లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి ఖాళీలు నొక్కుకుపోయి పలకల గుణమే మారుతుంది. అంటించడం మరో తలనొప్పి. ఉక్కు కవచం లోతులో కుదించుకుంటుంది, పైకి వస్తే సాగుతుంది, ఉప్పునీరు అంచుల్లోంచి దూరుతుంది. పలకలు విడివిడిగా ఊడిన ఖాళీ గళ్లు రష్యన్, బ్రిటిష్ జలాంతర్గాముల ఫొటోల్లో తరచు కనిపిస్తాయి. వర్జీనియా తరగతి తొలి నౌకల్లో పూత పెద్ద పెద్ద ముక్కలుగా ఊడిన ఫొటోలూ బయటికి వచ్చాయి. సగం ఊడి రెపరెపలాడే పలక, అసలు పలక లేని చోటుకన్నా ఎక్కువ చప్పుడు చేయగలదు.

తూముల కథ కూడా ఇలాంటిదే. ఖాళీ సీసా మూతి మీద గాలి ఊదితే మోగినట్టే, నీరు వేగంగా పోతున్నప్పుడు కవచంలో తెరిచి ఉన్న ప్రతి కన్నమూ మోగే అవకాశం ఉంది. అందుకే బ్యాలస్ట్ ట్యాంకుల అడుగున నీరు వచ్చే తూములను వీలైనంత తగ్గిస్తారు, కొన్ని తరగతుల్లో కదిలే మూతలు పెడతారు. రేవులో తాళ్లు కట్టే గుంజలు, తాళ్లు లాగే యంత్రం సముద్రంలోకి వెళ్లేటప్పుడు తిరగబడి కవచంలో కలిసిపోతాయి. ఒక్క తూమును మాత్రం అణు జలాంతర్గామి వదులుకోలేదు. టర్బైన్లను తిప్పిన ఆవిరిని చల్లార్చి తిరిగి నీరుగా మార్చడానికి సముద్రపు నీరు నిరంతరం కావాలి. వెనక భాగంలో కింది వైపున ఉండే ఆ నీటి ద్వారాలే పైతొడుగు మీద రియాక్టర్ ఉనికికి దాదాపు ఏకైక గుర్తు.

అణు క్షిపణులు మోసే జలాంతర్గాముల్లో వీపు మీది ఉబ్బు క్షిపణి పొడవుకూ కవచం వ్యాసానికీ మధ్య తేడా తప్ప మరేమీ కాదు. సోవియట్ డెల్టా తరగతిలో క్షిపణులు కవచం కన్నా పొడవు కాబట్టి సెయిల్ వెనక పెద్ద గూని ఏర్పడింది. క్షిపణులు పెరిగిన ప్రతి మార్పులోనూ గూని పెరిగింది. అమెరికా ఒహాయో తరగతి కవచం వ్యాసం సుమారు 12.8 మీటర్లు, ట్రైడెంట్-2 క్షిపణి పొడవు సుమారు 13.4 మీటర్లు, అందుకే 24 గొట్టాలున్నా దాని వీపు దాదాపు చదునుగా ఉంటుంది. సోవియట్ టైఫూన్ తరగతి రూపకర్తలకు 16 మీటర్ల క్షిపణి దొరికినప్పుడు వాళ్లు గూని పెంచలేదు. రెండు పీడన కవచాలను పక్కపక్కన పెట్టి, 20 గొట్టాలను వాటి మధ్యలో, సెయిల్‌కు ముందు నిలబెట్టారు. ఫలితం 175 మీటర్ల పొడవు, 23 మీటర్ల వెడల్పు.

2009 జులై 26న విశాఖపట్నంలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ సతీమణి గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి జలప్రవేశం చేయించిన భారత అణు జలాంతర్గామి అరిహంత్‌కూ సెయిల్ వెనక ఇలాంటి ఉబ్బు ఉంది. దాని కింద నాలుగు గొట్టాలు ఉన్నాయి. ఒక్కో గొట్టంలో మూడు కె-15 క్షిపణులు గాని, ఒక కె-4 క్షిపణి గాని పెట్టవచ్చు. మొదటిదాని పరిధి సుమారు 750 కిలోమీటర్లు, రెండోదానిది సుమారు 3,500 కిలోమీటర్లు. మూత ఒకటే, లోపలి బలం వేరు. జలప్రవేశం రోజున ఫొటోలు తీయనివ్వలేదు. 2024 ఆగస్టు 29న ఇదే తరగతి రెండో నౌక అరిఘాత్ నౌకాదళంలో చేరిన తరవాత కూడా, బయటికి వచ్చిన ఫొటోలను బట్టి ఈ తరగతి నిశ్శబ్దాన్ని అంచనా కట్టే వ్యాసాలకు గట్టి ఆధారం లేదు. గొట్టాల సంఖ్యను వీపు చెబుతుంది. నిశ్శబ్దాన్ని నిర్ణయించే తోక, యంత్రాల అడుగు దిమ్మెలు ఫొటోలో ఉండవు.

తోకను చూసినా అర్థం చేసుకోవడం తేలిక కాదనడానికి చక్కటి నిదర్శనం విక్టర్-3 తరగతి. 1970ల చివర ఈ సోవియట్ జలాంతర్గాముల నిలువు చుక్కాని మీద పెద్ద నీటిబొట్టు ఆకారపు గూడు కనిపించినప్పుడు పాశ్చాత్య విశ్లేషకుల్లో కొందరు దానిని చప్పుడు లేని కొత్త చోదక యంత్రంగా ఊహించారు. 1983లో అమెరికా తూర్పు తీరానికి అవతల కె-324 అనే విక్టర్-3 జలాంతర్గామి ప్రొపెల్లర్‌కు అమెరికా యుద్ధనౌక మెక్‌క్లాయ్ లాగుతున్న సోనార్ తీగ చుట్టుకుంది. కదలలేని స్థితిలో అది పైకి తేలింది, దానిని క్యూబాకు లాక్కెళ్లవలసి వచ్చింది. ఆ రోజుల్లో దగ్గరనుంచి తీసిన ఫొటోలతో గూడు గురించిన ఊహాగానాలు సడలాయి. అందులో ఉన్నది మంత్రయంత్రం కాదు, వెనక లాగే సోనార్ తీగ చుట్ట. సొంత చప్పుడుకు దూరంగా, వందల మీటర్ల వెనక తేలే ఆ తీగే మంద్ర శబ్దాలను పట్టగలదు. లాస్ ఏంజెలెస్ తరగతిలో అదే తీగ కుడి పక్కన కవచం పొడవునా పోసిన సన్నటి గొట్టపు తొడుగులో ఒదిగి ఉంటుంది. అవసరం ఒకటే, దాచిన తీరు వేరు.

తోక రెక్కలు ఇప్పుడు కూడిక గుర్తు నుంచి గుణకారపు గుర్తుకు మారుతున్నాయి. ఆల్బకోర్ మీద 1960లలోనే పరీక్షించిన ఈ అమరికను 2019లో షేర్‌బూర్‌లో ఆవిష్కరించిన ఫ్రెంచి సుఫ్రెన్‌లో చూడవచ్చు. అమెరికా కొలంబియా, బ్రిటన్ డ్రెడ్‌నాట్ తరగతులకూ ఇదే ఎంచుకున్నారు. నాలుగు రెక్కలూ విడివిడిగా కదులుతాయి కనుక ఒకటి ఇరుక్కుపోయినా మిగిలిన మూడూ నౌకను అదుపులో ఉంచగలవు. రెక్కల చివరలు కవచం అడుగును దాటి కిందికి పొడుచుకు రావు కాబట్టి నేలకు దగ్గరగా పోవచ్చు. ఏ ఒక్క రెక్కా కేవలం పైకో పక్కకో మాత్రమే తిప్పదు కనుక కంప్యూటర్ సాయం లేకుండా చేత్తో నడపడం కష్టం. ఈ అమరిక ఇంత ఆలస్యం కావడానికి ప్రధాన కారణం అదే.

చివరిది, అన్ని దేశాలూ గుడ్డ కప్పి దాచేది ప్రొపెల్లర్. అది వేగంగా తిరిగినప్పుడు అంచుల దగ్గర పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది, ఆ బుడగలు పగిలే చప్పుడు మైళ్ల దూరం వినిపిస్తుంది. బ్లేడ్లను కొడవలిలా వంచి, సంఖ్యను ఏడుకు పెంచి, నెమ్మదిగా తిప్పడం దానికి మందు. నాలుగు తోక రెక్కల వెనక నీటి ప్రవాహం నాలుగు చోట్ల మందగిస్తుంది. బ్లేడ్లు బేసి సంఖ్యలో ఉంటే అన్నీ ఒకేసారి ఆ చోట్లను దాటవు, కంపనం తగ్గుతుంది. ఇంత వంపు తిరిగిన లోహాన్ని సూక్ష్మంగా చెక్కగల యంత్రాలను జపాన్‌కు చెందిన తోషిబా మెషీన్ సంస్థ, నార్వేకు చెందిన కాంగ్స్‌బెర్గ్ అందించిన నియంత్రణ పరికరాలతో, ఎగుమతి నిషేధాన్ని దాటి సోవియట్ యూనియన్‌కు అమ్మిందని 1987లో బయటపడింది. కొందరు అమెరికా ప్రతినిధుల సభ సభ్యులు పార్లమెంటు భవనం ముందు తోషిబా రేడియోను సుత్తులతో పగలగొట్టారు. సోవియట్ జలాంతర్గాముల నిశ్శబ్దానికి మొత్తం పుణ్యం ఆ యంత్రాలకే కట్టబెట్టడం మాత్రం సబబు కాదు. యంత్రాలను తేలే దిమ్మెల మీద నిలపడం, పలకలు వేయడం అంతకుముందే మొదలయ్యాయి. 1985లో పట్టుబడ్డ గూఢచారి జాన్ వాకర్ అందించిన సమాచారం వల్ల తమ నౌకలను అమెరికన్లు ఎంత తేలిగ్గా పసిగడుతున్నారో సోవియట్లకు ముందే తెలిసింది.

2007లో ఒక ఇంటర్నెట్ మ్యాప్ సేవలో అమెరికాలోని బ్యాంగర్ స్థావరపు డ్రై డాక్‌లో ఉన్న ఒహాయో తరగతి జలాంతర్గామి ప్రొపెల్లర్ ముసుగు లేకుండా కనిపించడం కొన్నాళ్లు వార్త అయింది. ఏడు బ్లేడ్లు, వాటి వంపు స్పష్టంగా తెలిశాయి. అదే బ్రిటన్, ఫ్రాన్స్ నౌకల్లోనో, సీవుల్ఫ్, వర్జీనియా తరగతుల్లోనో, రష్యా బొరెయ్ తరగతిలోనో అయితే అంతటి ఫొటో కూడా ఇచ్చేది తక్కువ. వాటికి ఉన్నది పంప్‌జెట్: ఒక గుండ్రటి గొట్టం లోపల తిరిగే బ్లేడ్ల వరస, దానికి ముందో వెనకో కదలని బ్లేడ్ల వరస. గొట్టం బరువు పెంచుతుంది, నీటి ఒరిపిడినీ పెంచుతుంది. బదులుగా బ్లేడ్ల చివర పుట్టే సుడిని అణచివేసి, బుడగలు పుట్టకుండానే ఎక్కువ వేగం అందుకోనిస్తుంది. బ్లేడ్లు ఎన్ని, ఎంత వంపు, రెండు వరసల మధ్య దూరం ఎంత అన్నవి ఆ గొట్టం లోపలే ఉండిపోతాయి, పైన గుడ్డ కప్పినా కప్పకపోయినా.